చదివిన కోల్‌కతా, విన్న కోల్‌కతా

(తెనాలిలో ఒక గ్రంథాలయ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం.

"మీకు ఇష్టమైన నగరం గురించి మాట్లాడండి" అని నిర్వాహకులు అడిగినప్పుడు నాకు ఆలోచించవలసిన పని లేకపోయింది. చిన్నప్పటి నుంచీ నాకు ఇష్టమైన నగరం కోల్‌కతా. చూడకముందే దాన్ని ఇష్టపడ్డాను. చూశాక ఆ ఇష్టం తగ్గలేదు గానీ మారింది. మార్చినవాళ్ల పేర్లు నాకు తెలియవు. రైల్లో ఎదుటి సీటులో కూర్చున్నవాళ్లు, ట్రాములో పక్కన నిలబడ్డవాళ్లు, పూలమ్ముకునే ఒక తల్లి. ఈ సాయంత్రం వాళ్ల గురించే చెప్పాలని వచ్చాను.

ముందు పగటికల సంగతి. మన ఇళ్లలో పగటికల అంటే తిట్టు కిందే లెక్క. "పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా దీనికి పట్టదు" అని మా అమ్మ నన్ను రోజూ అనేది. పట్టేది కాదు, నిజమే. ఎందుకంటే ఆ సమయంలో నేను కోల్‌కతాలో ఉండేదాన్ని. వేసవి సెలవుల్లో గ్రంథాలయం నుంచి బెంగాలీ రచయిత శరత్‌చంద్ర ఛటర్జీ నవల ఒకటి తెచ్చుకోవడం, మధ్యాహ్నం అందరూ పడుకున్నాక వసారాలో గోడకు ఆనుకొని చదవడం, పుస్తకం మూశాక అదే గోడను చూస్తూ కూర్చోవడం. ఆ గోడ మీదే నా నగరం ఉండేది.

ఆ నగరాన్ని కట్టుకోవడానికి నా దగ్గర ఉన్న సామగ్రి అంతా తెనాలిదే. నవలలో గంగ అని ఉంటే మన ఊళ్లోని మూడు కాలువలనూ కలిపి వెడల్పు చేసుకునేదాన్ని. మెస్సు, అంటే పల్లెల నుంచి వచ్చిన మగవాళ్లు గదులు పంచుకొని కలిసి వండించుకు తినే ఇల్లు, అని ఉంటే మా వీధి చివర, బయటి నుంచి మెట్లున్న డాబా ఇల్లు గుర్తొచ్చేది. హౌరా స్టేషనుకు తెనాలి జంక్షన్‌నే కాస్త పొడిగించాను. తాళంచెవుల గుత్తి కొంగుకు ముడివేసుకున్న ఆడవాళ్లను మాత్రం ఎలా ఊహించుకోవాలో తెలిసేది కాదు. మా ఇళ్లలో తాళంచెవులు బొడ్లో దోపుకునేవారు. అందుకని మా అమ్మమ్మ చీర కొంగుకే ఆ గుత్తి కట్టి చూసుకునేదాన్ని.

తెలుగువాళ్లలో చాలామందికి కోల్‌కతా ఇలాగే తెలుసు. శరత్‌ను తెలుగు రచయితే అనుకొని చదివిన తరాలు మనవి. దేవదాసు బెంగాలీ నవలగా వచ్చింది 1917లో. 1953లో సినిమాగా వచ్చాక అతను పూర్తిగా మనవాడైపోయాడు. దీని వెనక ఒక సంగతి ఉంది, అది ఈ ఊరిదే కాబట్టి పిల్లలకు తప్పక తెలియాలి. శరత్‌ను తెలుగు ఇళ్లలోకి తెచ్చినవారిలో ముఖ్యులు చక్రపాణి. అసలు పేరు ఆలూరి వెంకట సుబ్బారావు, పుట్టింది ఇక్కడే, ఐతానగరంలో. తర్వాత చందమామ, విజయా సంస్థ సినిమాలు, అవన్నీ మీకు తెలిసినవే. ఆయనకు బెంగాలీ ఎలా వచ్చింది? కోల్‌కతా వెళ్లి చదువుకున్నారా? లేదు. 1930లలో క్షయ జబ్బు చేసి మదనపల్లె శానటోరియంలో చేరారు. అక్కడ పరిచయమైన ఒక పండితుడి దగ్గర బెంగాలీ నేర్చుకున్నారు. ఆ రోజుల్లో క్షయ అంటే బతుకు మీద ఆశ సగం వదులుకోవడమే. అలాంటి చోట ఇద్దరు మనుషులు మాట కలిపారు. ఒకరు తన భాష ఇచ్చారు, ఇంకొకరు తీసుకున్నారు. ఆ పండితుడు ఆ సమయానికి అక్కడ లేకపోతే నా వసారా గోడ మీద కోల్‌కతా ఉండేది కాదు. నా పగటికలకు కూడా మూలం ఒక అనుకోని సంభాషణే. ఈ సంగతి తెలిసిన రోజున నాకు కలిగిన ఆనందం ఇంతా అంతా కాదు.

మన వాళ్లలో ప్రయాణంలో మాట కలపడానికి పెద్ద గురువు ఇంకొకాయన ఉన్నారు, ఏనుగుల వీరాస్వామయ్య. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ. 1830 మే 18న మద్రాసు నుంచి కాశీకి బయలుదేరి, తిరుగు ప్రయాణంలో కలకత్తా మీదుగా వచ్చి, 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరారు. దారిలో ఏ మజిలీలో దిగినా అక్కడ ఏ సరుకులు దొరుకుతాయి, నీళ్లు ఎలాంటివి, జనం ఆచారాలేమిటి అని అడిగి తెలుసుకొని రాసుకున్నారు. రెండు భాషల మధ్య నిలబడి మాట చేరవేయడమే వృత్తిగా ఉన్న మనిషి, సెలవు పెట్టి వెళ్లినా ఆ పని మానలేదు. ఆయన రాతలో నాకు నచ్చేది గుడి గోపురాల వర్ణన కన్నా ఈ అడగడమే. ఒక ఊరి గురించి ఆ ఊరివాడిని అడగాలన్న ఇంగితం.

ఇక నా ప్రయాణానికి వస్తాను. నేను కోల్‌కతా మొదటిసారి వెళ్లింది ఉద్యోగం వచ్చాక. స్కూలు టీచరుకు వేసవి సెలవులుంటాయి గదా. విజయవాడలో రైలెక్కితే మర్నాటికి హౌరా. ఆ దారి మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. విశాఖ దాటాక కొండలు, బరంపురం దాటాక చిలకా సరస్సు, ఆ తర్వాత ఒడిశా పొలాలు. ఎదురుగా కూర్చున్నవాళ్లతో ఒక రోజంతా గడపాలి. వాళ్లు అన్నం డబ్బా విప్పితే మనకు పెట్టకుండా తినరు. మనం ఏ ఊరు వెళ్తున్నామో, ఎందుకు వెళ్తున్నామో చెప్పకుండా ఉండలేం. విమానంలో ఆ దూరం రెండు గంటలే. కానీ విమానంలో అందరూ ఒకే వైపు చూస్తూ కూర్చుంటారు. రైల్లో సీట్లు ఎదురెదురు. ఈ చిన్న ఏర్పాటులోనే చాలా ఉందని నా నమ్మకం.

ఖరగ్‌పూర్‌లో ఒక పెద్దావిడ ఎక్కారు. నేనూ నా స్నేహితురాలూ తెలుగులో మాట్లాడుకుంటుంటే కాసేపు విని, "ఏ ఊరమ్మా మీది?" అన్నారు. బెంగాలీ పద్ధతిలో చీర కట్టుకున్నారు, చేతులకు తెల్లని శంఖం గాజులు. నోటి నుంచి వచ్చింది మాత్రం శ్రీకాకుళం తెలుగు, అందులో రెండు తరాల కిందటి మాటలు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ఖరగ్‌పూర్‌లో కార్ఖానా పెట్టిన కాలంలో ఉత్తరాంధ్ర నుంచి ఎన్నో కుటుంబాలు పనికి వెళ్లాయి. వాళ్ల తాతగారు అలా వెళ్లినవారట. అక్కడ తెలుగువాళ్లు ఎంత మందంటే, 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం తెలుగుకు అధికార భాష హోదా ఇచ్చినప్పుడు ప్రధానంగా దృష్టిలో ఉన్నది వాళ్లే.

"కోల్‌కతాలో ఏం చూస్తారు?" అని అడిగారావిడ. నేను ఉత్సాహంగా శరత్ నవలల పేర్లు చెప్పడం మొదలుపెట్టాను. ఆవిడ ముఖం చూడాలి! "మీరు శరత్‌ని చదివారా? తెలుగులోనా?" అన్నారు. మన దగ్గర శరత్ ఇంత చదువుతారన్న సంగతి ఆవిడకు తెలియదు. ఆవిడ స్కూల్లో బెంగాలీ మాధ్యమంలో చదువుకున్నారు. తెలుగు మాట్లాడతారు, చదవడం రాదు. నాకు బెంగాలీ ఒక్క అక్షరం రాదు. ఇద్దరం తెలుగు ఆడవాళ్లమే. ఇద్దరికీ ఒకే రచయిత ఇంటి మనిషి. ఆవిడ ఆయన్ని మూలంలో చదివారు, నేను తెనాలి మీదుగా చదివాను. శరత్ నవలలో మెస్సులో వంటా వార్పూ చూసే సావిత్రి గురించి ఆవిడ చెబుతుంటే నేను ముగించాను, నేను మొదలుపెట్టిన కథ ఆవిడ ముగించారు. అంతలో మేచెదా దగ్గర కొలాఘాట్ థర్మల్ కేంద్రం పొగగొట్టాలు కనిపించాయి. ఆవిడ లేచి నన్ను కిటికీ దగ్గరికి లాగారు.

"ఇప్పుడు వంతెన వస్తుంది. కింద రూపనారాయణ్ నది. నది దాటగానే వచ్చే స్టేషను దేవుల్టి. అక్కడికి దగ్గర్లోనే శరత్ బాబు ఇల్లు."

రైలు అక్కడ ఆగదు. వంతెన మీద చప్పుడు, విశాలమైన నది, ఆ వెంటనే చిన్న ప్లాట్‌ఫారం, ఒక పేరు పలక, అంతే, దాటిపోయింది. నేను కట్టుకున్న కోల్‌కతాలో రూపనారాయణ్ అనే నది లేదు. శరత్ అంటే నగరంలో ఏదో ఇరుకు వీధిలో దీపం పెట్టుకొని రాసుకునే మనిషి అనుకున్నాను. ఆయన బర్మాలో పదమూడేళ్లు ఉద్యోగం చేసి 1916లో తిరిగి వచ్చారనీ, తర్వాత చాలా ఏళ్లు నగరానికి దూరంగా, నది ఒడ్డున సామతాబేడ్ అనే పల్లెలో ఇల్లు కట్టుకొని ఉన్నారనీ ఆవిడే చెప్పారు. తెలుగువాళ్లం ఎన్ని వేల మందిమి ఆ కిటికీ పక్కన కూర్చొని, ఆ ఊరిని చూడకుండా, హౌరా ఎప్పుడొస్తుందా అని సామాన్లు సర్దుకుంటూ వెళ్లి ఉంటామో! ఆవిడ చెప్పకపోతే నేనూ అంతే.

హౌరా స్టేషను గురించీ, విక్టోరియా మెమోరియల్ గురించీ చెప్పను. ఫొటోలు మీరందరూ చూశారు. ట్రాము గురించి చెబుతాను.

కోల్‌కతాలో మొదటి ట్రాము 1873 ఫిబ్రవరి 24న సియాల్దా నుంచి ఆర్మీనియన్ ఘాట్ వరకు నడిచింది, గుర్రాలు లాగాయి. కరెంటు ట్రాము 1902లో వచ్చింది. నేను ఎక్కింది శ్యాంబజార్ నుంచి కాలేజ్ స్ట్రీట్ మీదుగా ఎస్ప్లనేడ్ వెళ్లే ట్రాము. అది ఎంత నెమ్మదిగా పోతుందంటే దుకాణాల పేర్లు ఒక్కటీ వదలకుండా చదువుకోవచ్చు, బెంగాలీ వస్తే. నా పక్కన ఒక ముసలాయన ఒళ్లో కాగితాల కట్ట పెట్టుకొని ఎర్ర కలంతో దిద్దుతున్నారు. ప్రూఫులు. కాలేజ్ స్ట్రీట్ చుట్టుపక్కల సందుల్లో ఎన్నో ప్రచురణ సంస్థలు, ప్రెస్సులు. వాటికి ప్రూఫులు చూసే మనిషి. నేను బయటికి తొంగి తొంగి చూస్తుంటే, "ఏం వెతుకుతున్నారు దీదీ?" అని హిందీలో అడిగారు. నా హిందీ అంతంతమాత్రం. "మెస్సు ఇల్లు. నవలల్లో ఉండేది" అన్నాను.

ఆయన కలం మూత పెట్టేశారు. వర్ధమాన్ జిల్లా పల్లె నుంచి వచ్చి పెళ్లయ్యేదాకా అలాంటి మెస్సులోనే ఉన్నారట. గదికి నలుగురు. నెలకొకరు మేనేజరు. బజారు చేయడం, వంటవాడికి జీతం ఇవ్వడం, లెక్క రాయడం అన్నీ ఆ నెల మేనేజరు పని. ఆదివారం మధ్యాహ్నం మాంసం కూర తప్పనిసరి. మేనేజరు పిసినారి అయితే ముక్క చిన్నది, దుబారా మనిషి అయితే నెలాఖరుకు పప్పే దిక్కు. ఎవరికి ఎన్ని ముక్కలు పడ్డాయన్న తగువు మీద మూడు నెలలు మాట్లాడుకోని స్నేహితులు ఉండేవారట. "మీరు చదివిన నవలల్లో ఇది ఉండదు" అన్నారు.

ఉండదు. నా వసారా గోడ మీది మెస్సులో ఎప్పుడూ ఒక యువకుడు ఒంటరిగా జ్వరంతో పడుకొని ఉండేవాడు, బయట వాన కురుస్తుండేది. ఆయన ఆ గదిలోకి ఇంకో ముగ్గురిని పంపించారు, కూర గిన్నె తెచ్చిపెట్టారు, లెక్కల పుస్తకం తెరిచారు. నా కల చెడిపోలేదు. అందులోకి జనం వచ్చారు.

దిగేముందు ఆయన ఒక మాట చెప్పారు. కవి జీవనానంద దాస్ 1954 అక్టోబరులో ట్రాము ఢీకొని, కొన్ని రోజులు ఆసుపత్రిలో ఉండి చనిపోయారు. ఇంత నెమ్మదైన బండి కింద ఒక మనిషి పడ్డాడంటే ఆ సమయానికి ఆయన ఈ లోకంలో లేడన్నమాట అని ఆ నగరంలో ఇప్పటికీ తలచుకుంటారట. నేను పరధ్యానపు మనిషిని కాబట్టి ఆ మాట నన్ను గట్టిగా తాకింది. అప్పటి నుంచి రోడ్డు మీద కలలు కనడం మానేశాను. పిల్లలూ, మీరూ మానండి. కల కనడానికి కూర్చునే చోటు ఉండాలి.

ఆ ట్రాములు ఇప్పుడు కొనఊపిరితో ఉన్నాయి. 2024 సెప్టెంబరులో అక్కడి రవాణా మంత్రి మైదాన్, ఎస్ప్లనేడ్ మధ్య ఒక్క వారసత్వ మార్గం ఉంచి మిగతావి ఆపేస్తామని ప్రకటించారు. ట్రాములను కాపాడాలని పౌరులు హైకోర్టుకు వెళ్లారు. ట్రాము రద్దీకి అడ్డమని వాదించేవారి ఇబ్బంది నాకు అర్థమవుతుంది. అయినా ఆ పక్షాన నేను లేను. ఒక నగరంలో తెలియని ఇద్దరు మనుషులు పది నిమిషాలు పక్కపక్కన కూర్చొని బయటికి చూడగల బండి ఉండడం ఆ నగరానికి చాలా అవసరం.

ఇలాంటిదే నది సంగతి. 2024 మార్చిలో హౌరా నుంచి కోల్‌కతాకు హుగ్లీ నది కింద సొరంగంలో మెట్రో మొదలైంది. నదిని దాటడానికి ముప్పావు నిమిషం చాలు. రోజూ ఉద్యోగానికి వెళ్లేవాళ్లకు అది వరమే. దేశంలో మొదటి మెట్రో కూడా ఆ నగరానిదే, 1984 అక్టోబరు 24న నడిచింది. నేను మాత్రం పడవెక్కుతాను. ఆ లాంచీలో అందరూ ఒకసారి తలెత్తి హౌరా వంతెన కేసి చూస్తారు, రోజూ చూసేవాళ్లు కూడా. ఒక తండ్రి తన కూతురికి చెబుతుంటే విన్నాను: 1943లో తెరిచిన ఆ వంతెనలో ఒక్క నట్టూ బోల్టూ లేదు, అంతా రివెట్లతో బిగించిందే అని. ఆ పిల్ల నమ్మలేదు. నా వైపు తిరిగి సాక్ష్యం అడిగింది. నాకూ అప్పుడే తెలిసింది, కానీ గట్టిగా తల ఊపాను.

కొన్నేళ్లకు ఇంకోసారి వెళ్లినప్పుడు దేవుల్టికి బయలుదేరాను. పొద్దున్నే వంతెన పక్కన మల్లిక్ ఘాట్ పూల బజారుకు వెళ్లాను. నడుములోతు బంతిపూల దండలు, తాడు చుట్టల్లా చుట్టి మనుషుల భుజాల మీద పోతుంటాయి. అక్కడ మల్లెపూలు కొనుక్కొని జడలో పెట్టుకొని హౌరాలో లోకల్ రైలెక్కాను. ఖాళీ బుట్టలతో తిరిగి వెళ్తున్న పూలమ్మే ఆవిడ నా పక్కన కూర్చున్నారు. పాంశకుడా, కొలాఘాట్, దేవుల్టి వైపు పల్లెల్లో పూల తోటలు ఎక్కువ. తెల్లవారుజాము రైళ్లలో మూటలు తెచ్చి అమ్ముకొని వెనక్కి పోతారు. ఆవిడ నా జడ చూసి నవ్వి ఏదో అడిగారు. నాకు అర్థం కాలేదు. పక్కనున్న కాలేజీ అమ్మాయి హిందీలో చెప్పింది: "మీ ఇంట్లో పెళ్లా అని ఈ మాసీ (పిన్ని) అడుగుతోంది."

అక్కడ ఆడవాళ్లు రోజూ పూలు పెట్టుకోరు. పూలు దేవుడికి, పెళ్లికి. ఊరికే పెట్టుకున్నానంటే ఆవిడ నమ్మలేదు. మా ఊళ్లో రోజూ పెట్టుకుంటాం, బడికి వెళ్లేటప్పుడు కూడా, మా విద్యార్థినులు కనకాంబరాలు పెట్టుకొని వస్తారు అని చెప్పాను. ఆ అమ్మాయి ఒక్కో ముక్కా బెంగాలీలో అందిస్తోంది. ఆవిడ జీవితమంతా పూలు అమ్మారు, తల్లో పెట్టుకున్నది పెళ్లినాడు ఒక్కసారేనట. కాసేపు ఆలోచించి, బుట్ట అడుగున మిగిలిన రెండు మూరల మాల తీసి నా ఒళ్లో పెట్టారు, అమ్మకానికి కాదు. నేను అందులో సగం తుంపి ఆవిడ ముడిలో పెడతానని సైగ చేశాను. రైలంతా నవ్వింది. పెట్టించుకున్నారు. బాగ్నాన్ దాటేదాకా చేత్తో తడుముకుంటూనే ఉన్నారు.

దేవుల్టిలో దిగాక టోటో వాడితో నా బదులు ఆవిడే బేరమాడి కిరాయి కుదిర్చారు. అక్కడ బ్యాటరీ ఆటోను టోటో అంటారు. సామతాబేడ్ ఇల్లు రెండంతస్తులది, చుట్టూ వరండాలు, చెట్లు. నేను అక్కడ చాలాసేపు కూర్చున్నాను. ఇంటి గురించి పెద్దగా చెప్పడానికి నా దగ్గర మాటలు లేవు. పిల్లలెవరైనా వెళ్తే హౌరా నుంచి మేచెదా లేదా ఖరగ్‌పూర్ వైపు లోకల్ ఎక్కండి, గంటన్నరకు అటూ ఇటూగా పడుతుంది, టికెట్టు కొద్ది రూపాయలే.

ఇక్కడ ఆడపిల్లలకు ఒక మాట. మాట కలపమని నేను చెప్పడం తేలిక. ఒంటరిగా ప్రయాణం చేసే ఆడవాళ్లకు అందరితో మాట కలపడం కుదరదు, కలపకూడదు కూడా. నేను ముందుగా పిల్లలతో ఉన్న తల్లులతో, పెద్దవాళ్లతో మొదలుపెడతాను. ఎక్కడ దిగుతున్నానో చెబుతాను గానీ ఎక్కడ బస చేస్తున్నానో చెప్పను. నచ్చకపోతే పుస్తకం తెరుస్తాను. ఎదుటివాళ్లు పుస్తకం తెరిస్తే నేను ఊరుకుంటాను. ఇది భయంతో చెప్పడం లేదు. ఈ జాగ్రత్త తెలిసినందువల్లే నేను ఇన్నేళ్లు ధైర్యంగా తిరగగలిగాను. ఇప్పుడు రైల్లో అందరి చేతుల్లోనూ ఫోను ఉంది. దాన్ని తిట్టను, నా చేతిలోనూ ఉంది. కానీ చార్జింగ్ అయిపోయినప్పుడు మనుషులు ఎంత చక్కగా మాట్లాడతారో మీరు గమనించే ఉంటారు.

చివరగా తిరుగు ప్రయాణం ఒకటి. హౌరా నుంచి చెన్నై వెళ్లే రైలు. రిజర్వేషన్ దొరకని కుర్రవాడు ఒకడు మా పెట్టె తలుపు దగ్గర సంచి మీద కూర్చున్నాడు. ముర్షిదాబాద్ జిల్లా నుంచి చెన్నైకి టైల్స్ పనికి వెళ్తున్నాడు. బెంగాల్ నుంచి దక్షిణాదికి ఇలా వెళ్లే పనివాళ్లు లెక్కలేనంత మంది. 2023 జూన్ 2న బాలేశ్వర్ జిల్లా బహనాగా బజార్ దగ్గర కోరమాండల్ ఎక్స్‌ప్రెస్‌కు జరిగిన ప్రమాదంలో 290 మందికి పైగా చనిపోయారు. వాళ్లలో చాలామంది ఇలాంటి కుర్రవాళ్లే. తమ పక్క ఊరివాడు ఒకడు ఆ రైల్లో ఉన్నాడనీ, రాత్రిపూట ఆ స్టేషను దాటేదాకా తాను నిద్రపోననీ చెప్పాడు. నేను ఏమీ అనలేకపోయాను. తెచ్చుకున్న పులిహోర పెడితే తిన్నాడు.

అతనికి కోల్‌కతా అంటే హౌరా స్టేషనులో ఒక ప్లాట్‌ఫారం, అంతే. ట్రాము ఎక్కలేదు, కాలేజ్ స్ట్రీట్ చూడలేదు. నేను నా ముచ్చట్లు చెబుతుంటే మర్యాదగా విన్నాడు. తర్వాత తన ప్రశ్న ఒకటి అడిగాడు. విజయవాడ దాటాక పెద్ద నది వస్తుంది గదా, వంతెన మీద నుంచి చూస్తే ఒక కొండ మీద వరుసగా దీపాలు కనిపిస్తాయి, అవి ఎవరివి? వెళ్లిన ప్రతిసారీ చూస్తాడట. అక్కడ ఒక పెద్ద ఇల్లుందని, అందులో ఎవరో ధనవంతులు ఉంటారని అనుకుంటూ వస్తున్నాడు.

"అది ఇంద్రకీలాద్రి బాబూ. దుర్గమ్మ గుడి" అన్నాను.

"దుర్గా? మా దుర్గాపూజ దుర్గేనా?" అన్నాడు.

ఆవిడే. మీరు అక్కడ పందిళ్లు వేసే రోజుల్లోనే ఇక్కడ కొండ మీద దసరా ఉత్సవాలు. జనం మెట్ల మీద రాత్రంతా వరుసలో నిలబడతారు, అమ్మవారికి రోజుకో అలంకారం. కింద నది మీద కనిపించే పొడవాటి ఆనకట్ట ప్రకాశం బ్యారేజి, ఆ నీళ్లే మా తెనాలి కాలువల్లోకి వస్తాయి. ఇలా చెబుతూనే ఉన్నాను, విజయవాడ వచ్చేసింది. దిగేటప్పుడు చెప్పాను, వంతెన మీద కుడివైపు చూడు అని. అతను అప్పటికే కుడివైపు తలుపు దగ్గరికి మారి కూర్చున్నాడు.

నేను చెప్పదలచుకున్నది అయిపోయింది. ఈ సభలో కోల్‌కతా వెళ్లినవాళ్లు, ఉద్యోగం చేసినవాళ్లు తప్పకుండా ఉంటారు. వెనక వరుసలో ఇద్దరు ఇందాకటి నుంచి తల ఊపుతున్నారు, నేను చూశాను. ముందు వాళ్లు మైకు తీసుకోండి. మీకు అక్కడ ఎవరు తారసపడ్డారో చెప్పండి, నేను ఇక్కడే కూర్చొని వింటాను.